"పంప్ 20" అంటే మోటారు రెండు నిమిషాలకే ఆగిపోతోందా?

సమస్య

రాయగడ జిల్లా గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న మా పొలంలో నీటి మోటారును ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడుపుతున్నాం. లాప్‌టాప్ నుంచి "పంప్ 20" అని పంపితే ఇరవై నిమిషాలు నడవాల్సిన మోటారు ఒక్కోసారి రెండు నిమిషాలకే ఆగేది, ఒక్కోసారి కదిలేదే కాదు. మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే మార్చాం, వైర్లు మార్చాం. అయినా మడి సగమే తడిసేది.

కారణం

9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంలో ఒక్కో అక్షరం చేరడానికి సుమారు 1.04 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంగ్లీషు లిపిలో ఖాళీతో కలిపి ఏడు అక్షరాలుండే ఆ ఆదేశం పూర్తిగా అందేసరికి ఏడు మిల్లీసెకన్లు దాటుతుంది. మా ప్రోగ్రాంలో పదేపదే తిరిగే లూప్ ఈలోగా సెన్సర్ చదివి, తెర మీద అంకెలు రాసి, మళ్లీ లాప్‌టాప్ అక్షరాలు వచ్చే సీరియల్ వైపు చూసి, అప్పటికి వచ్చినంతనే పూర్తి ఆదేశంగా తీసుకునేది. ఆ క్షణానికి "పంప్ 2" వరకే వచ్చి ఉంటే మోటారుకు రెండు నిమిషాలే దక్కేవి; వెనకాల వచ్చిన సున్నా వృథా అయ్యేది.

పరిష్కారం

న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే గుర్తు) వచ్చేదాకా ఆదేశం రానట్టే లెక్క. 32 అక్షరాల శ్రేణి ఒకటి పెట్టుకుని, లూప్ తిరిగిన ప్రతిసారీ వచ్చిన అక్షరాలను అందులో చేర్చి, న్యూలైన్ కనబడగానే చివర, పాఠం అక్కడితో ముగిసిందని చెప్పే శూన్య అక్షరం పెట్టి, అప్పుడు మాత్రమే ఆదేశాన్ని విడదీయాలి. శ్రేణి నిండిపోతే తర్వాతి న్యూలైన్ వరకు అన్నింటినీ పారేయాలి. తెగిన ఆదేశాన్ని మోటారుకు అందించడం ప్రమాదం. కొన్నిసార్లు న్యూలైన్‌కు ముందు వచ్చే క్యారేజ్ రిటర్న్ గుర్తును చూడగానే వదిలేయండి, లేకుంటే అది చివర అంటుకుని "స్టాప్" కూడా పోలికలో తప్పుతుంది.

ఆర్డుయినోలోని రీడ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో పని జరిగినట్టే ఉంటుంది కానీ, అక్షరాలు ఆగిపోయాక అది మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. ఆ సెకను పాటు నీటిమట్టం స్విచ్‌ను ఎవరూ గమనించరు. ప్రోగ్రాంను కాసేపు ఆపే డిలే కూడా అంతే: వచ్చిన అక్షరాలు చదివేదాకా నిలిచే ఊనో సీరియల్ బఫర్ 64 బైట్లే కాబట్టి, అర సెకను డిలేలో ఎడతెగకుండా డేటా వస్తే బఫర్‌లో పట్టనిదంతా చడీచప్పుడు లేకుండా పోతుంది. సమయాన్ని, బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లీస్ ఫంక్షన్‌తో కొలవండి.

సరిచూసేందుకు, లాప్‌టాప్ నుంచి బోర్డుకు ఆదేశాలు పంపే సీరియల్ మానిటర్‌లో లైన్ ముగింపు లేకుండా "పంప్ 2" పంపి, కాసేపు ఆగి, న్యూలైన్ ఎంచుకుని "0" పంపండి. మొదటి ముక్కకు రిలే టక్కుమనకూడదు. రెండోది చేరాక మోటారు ఇరవై నిమిషాలూ తిరగాలి.