మొదటి క్లినికల్ పోస్టింగ్‌లో భయాన్ని తగ్గించుకోవడం ఎలా?

నర్సింగ్ కాలేజీలో తోటి విద్యార్థుల చేతికి పదిసార్లు బీపీ చూసి సరిగ్గా చెప్పిన అమ్మాయికే, ఆసుపత్రి వార్డులో శిక్షణకు పంపే మొదటి క్లినికల్ పోస్టింగ్‌లో, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఆదోని నుంచో, తుంగభద్ర అవతలి అలంపూర్ నుంచో వచ్చిన రోగి మంచం పక్కన నిలబడగానే చేతులు వణుకుతాయి. ఆ వణుకుకు పనిభారం కంటే, తెలియని పనిని తెలిసినట్లు చేసి చూపవలసి వస్తుందన్న భయమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

నా మొదటి పోస్టింగ్‌లో స్టెతస్కోపులో చప్పుడేమీ వినపడక, కేస్ షీట్‌లో ముందు పూట రాసి ఉన్న 120/80నే మళ్లీ రాసేశాను. ఇన్‌చార్జి సిస్టర్ స్వయంగా చూస్తే 160/100 వచ్చింది. ఆమె ఏమని తిట్టిందో మరచిపోయాను కానీ, ఆ తరువాత దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన పద్ధతిని మరచిపోలేదు. ముందుగా మణికట్టు నాడిపై వేళ్లు ఉంచి, చేతి పట్టీలోకి గాలి ఎక్కిస్తూ, నాడి అందకుండా పోయే అంకెను గుర్తుపెట్టుకోవాలి. గాలి పూర్తిగా వదిలి అర నిమిషం ఆగి, ఈసారి ఆ అంకె కంటే 30 పైకి ఎక్కించి, సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. తొలి చప్పుడు పై అంకె, చప్పుడు మాయమైన చోటు కింది అంకె. అప్పటికీ వినపడకపోతే "మేడమ్, నాకు వినపడలేదు, ఒకసారి చూడండి" అని అడగాలి గానీ అంకె మాత్రం ఊహించి రాయకూడదు.

సెలైన్ చుక్కల లెక్కను ముందు రోజు రాత్రే హాస్టల్లో సాధన చేయండి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో వెళ్లాలి, సెలైన్ గొట్టం సెట్ ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంది అనుకుంటే, 10,000 చుక్కలను 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 వస్తాయి. రౌండ్స్‌లో హఠాత్తుగా అడిగితే తడబడేది ఇక్కడే. ఉదయం డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఆపరేషన్ థియేటర్లో కళ్లు తిరిగి పడిపోయే వారిలో చాలామంది టిఫిన్ మానేసినవారే, కాబట్టి ఉగ్గాని చల్లారిపోయినా సరే నాలుగు ముద్దలు తినే బయలుదేరండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన దాపరికం సూది గుచ్చుకున్నప్పటిది. తిడతారనే భయంతో చేతికి దూది చుట్టుకుని ఊరుకునే విద్యార్థులను చూశాను. గుచ్చుకున్న చోటును పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా, పారే నీటి కింద సబ్బుతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి, ఎందుకంటే హెచ్‌ఐవీ రాకుండా వాడవలసిన మందులు అవసరమైతే మొదటి మోతాదు వీలైనంతవరకు 2 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు పడాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులకు 6 నెలలు పడుతుంది గనుక దానిని పోస్టింగ్‌కు ముందే మొదలుపెట్టాలి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకుండా, మంచం దగ్గర వదిలేయకుండా, వెంటనే సూదుల వంటి పదునైనవాటికి ఉంచే తెల్లని షార్ప్స్ డబ్బాలో వేసే అలవాటు ఉంటే ఇదంతా అరుదుగానే అవసరపడుతుంది.

తిట్ల విషయానికి వస్తే, ముప్పై మంది రోగులను ఇద్దరే చూసుకునే పూట స్టాఫ్ నర్సు గొంతు పెరగడాన్ని మీ చదువుకు వేసిన మార్కుగా తీసుకోకండి. అయితే రోగుల ముందు పదేపదే అవమానించే వారుంటే తేదీ, పూట రాసుకుని క్లినికల్ ట్యూటర్‌కు చెప్పాలి.

మీరు మూడు రోజులు ఒళ్లు తుడిచి, "పాపా, మెల్లగా పొడువు" అని పిలిపించుకున్న ముసలామె నాలుగో రోజు ఉదయానికి చనిపోయి ఉండవచ్చు. ఆ రోజు రోగి సంరక్షణపై మీరు రాయవలసిన కేర్ ప్లాన్ పూర్తి చేయలేకపోతే గడువు అడగండి, హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చోకుండా తోటి విద్యార్థికైనా చెప్పుకోండి. నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తుంటే ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయవచ్చు; 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవకు డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.