వరండాలో 21 అడుగుల దండెం: అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని పిల్లల కళ్లకు కట్టడం

అమెరికా స్వాతంత్ర్య పోరాటం అనగానే హైస్కూలు పిల్లలు రెండు ముక్కలు అప్పజెబుతారు: పన్ను పెంచారని టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, 1776 జులై 4న స్వాతంత్ర్యం వచ్చేసింది. రెండూ తప్పే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో పొడుగాటి వరండాకు కొదవ లేదు కాబట్టి, ఈ తప్పులు దిద్దడానికి దండెం కట్టి, సంఘటనల అట్టలను తేదీల వరుసలో వేలాడదీయడమే మంచి ఉపాయం.

ఏడాదికి అడుగు, నెలకు అంగుళం. అడుగుకు 12 అంగుళాలు, ఏడాదికి 12 నెలలు, లెక్క అక్కడే కుదిరింది. 1763 జనవరి నుంచి 1783 డిసెంబరు దాకా 21 అడుగులు. ముడులకు కలిపి 24 అడుగులు తెచ్చుకోండి. బట్టలారేసే ప్లాస్టిక్ తొడుగు తీగ మేలు. నైలాన్ తాడు బిగించేకొద్దీ సాగి, ముందే పెట్టిన గుర్తులు జరిగిపోతాయి. ఏదైనా సరే, ముందు బిగించి కట్టండి, ఆ తర్వాతే టేపుతో కొలిచి అడుగడుగుకూ రంగు దారం చుట్టండి. ఎత్తు నాలుగున్నర అడుగులు చాలు. నడిమి స్తంభానికి ఒక కట్టు తప్పనిసరి. లేకపోతే తాడు వేలాడి క్లిప్పులన్నీ మధ్యకు, అంటే 1773 దగ్గరికి జారతాయి.

అట్టలు మూడు రంగులు: బ్రిటిష్ పార్లమెంటు చేసినవి ఎరుపు, అమెరికాలోని బ్రిటిష్ వలసల ప్రజలు చేసినవి నీలం, మన వైపు జరిగినవి పసుపు. ఏ4లో సగం కోస్తే వెడల్పు ఆరు అంగుళాలు, అంటే ఒక్క అట్టే అర్ధ సంవత్సరాన్ని కప్పేస్తుంది. అందుకే తేదీ దగ్గర అట్ట ఎడమ అంచు రావాలి. దగ్గర దగ్గర తేదీలుంటే రెండోదాన్ని జానెడు దారంతో కిందికి వేలాడదీయండి. స్కెచ్ పెన్ను వద్దు, మార్కరే వాడండి. ఈశాన్య రుతుపవనాల వానజల్లు ఒక్కసారి తగిలితే స్కెచ్ అక్షరాలు మిగలవు.

ఇక తేదీలు. వలసల్లో వాడే కాగితాలపై పన్ను వేసిన స్టాంపు చట్టం 1765 మార్చి 22: రెండడుగులు దాటి మూడో అంగుళం. దాదాపు దానికి అడుగు అవతల, 1766 మార్చి 18న, రెండు ఎర్ర అట్టలు ఒకే చోట: చట్టం రద్దు, వలసలపై ఏ చట్టమైనా చేసే హక్కు మాదేనన్న ప్రకటన. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం పిల్లలకు ఇక్కడే పట్టుబడుతుంది. బోస్టన్ రేవులో టీ పారేసింది 1773 డిసెంబరు 16: 11 అడుగులకు అర అంగుళం ముందు. లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది 1775 ఏప్రిల్ 19: 12 అడుగులు దాటి నాలుగో అంగుళం. స్వాతంత్ర్య ప్రకటన 13 అడుగుల 6 అంగుళాలు. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ లొంగింది 1781 అక్టోబరు 19: 18 అడుగులు దాటి పదో అంగుళం. బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్న పారిస్ సంధి 1783 సెప్టెంబరు 3: 20 అడుగుల 8 అంగుళాలు. తాడులో సగానికి పైగా అసలు యుద్ధమే లేదు, ప్రకటన తర్వాత యార్క్‌టౌన్‌కు ఇంకా ఐదడుగుల పైన నడవాలి. ఈ మాట మీరు చెప్పకండి, నడిపించండి.

ఎక్కువ సమయం టీ దగ్గర ఇవ్వండి. 1773 టీ చట్టం కొత్త పన్ను వేయలేదు. ఈస్టిండియా కంపెనీ నేరుగా అమెరికాలో అమ్ముకునేలా వీలిచ్చి, ఇంగ్లాండులో కట్టే సుంకం వాపసిచ్చింది. టీ చవకైంది. పౌను బరువు టీకి 3 పెన్నీల పాత పన్ను మాత్రం అలాగే ఉంచారు. మరి 342 పెట్టెలు ఎందుకు పారేశారు? పిల్లల్ని ఇలా అడగండి: పది రూపాయల టీ ఎనిమిదికే ఇస్తాను, అందులో రూపాయి మీరు ఓటెయ్యని వాళ్లకు పోతుంది, తాగుతారా? అందరూ తాగుతామనే అంటారు. అననివ్వండి. "వచ్చే ఏడు ఆ రూపాయిని ఐదు చేస్తే ఎవరిని అడుగుతారు?" అన్నాక క్లాసు నిశ్శబ్దమవుతుంది.

ఇక్కడ మునిసిపల్ పన్నుకు ఎదురు తిరిగిన 1921 చీరాల–పేరాల ఉద్యమాన్ని పోల్చాలనిపిస్తుంది. పోల్చండి, కానీ అక్కడ పన్ను భారం నిజంగానే పెరిగింది, బోస్టన్‌లో ధర తగ్గింది. తేడా పిల్లలతోనే చెప్పించండి.

పసుపు అట్టలు కొన్నే చాలు. మద్రాసు కంటే ముందే దుగరాజపట్నం దగ్గర కోఠీ (వర్తక స్థావరం) పెట్టిన ఈస్టిండియా కంపెనీదే ఆ టీ అని ఒకటి. మైసూరు హైదరాలీ కర్ణాటకం (ఆర్కాటు నవాబు సీమ) మీదికి వచ్చింది 1780 జులై: 17 అడుగుల 6 అంగుళాలు దాటాక. మూడోది తాడు అయిపోయాక, దాదాపు మూడడుగుల అవతల గోడ మీద: 1786లో కారన్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. ఓడినవాడికి ఇంత పెద్ద కొలువా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు.

మర్నాడు అట్టలన్నీ తీసి, తేదీలు చెరిపి మళ్లీ పెట్టించండి. స్వాతంత్ర్య ప్రకటనను తాడు చివర కట్టే జట్టు కనీసం ఒకటి ఉంటుంది. దిద్దకండి. యార్క్‌టౌన్ అట్ట వాళ్ల చేతికే ఇచ్చి, దీన్ని ఎక్కడ పెడతారో చూడండి.