కొత్త నాటికకి నాలుగో ప్రదర్శన దాకా తోడుండటం ఎలా

ముప్పై ఏళ్లకి పైగా పరిషత్తు నాటికల్లో, అంటే పోటీలకి ఆడే నాటికల్లో, వేషాలు వేస్తున్నాను. మొదట కోడలు, తర్వాత అత్త, ఇప్పుడు అమ్మమ్మ. మా తెనాలి వైపు నాటక సమాజాల్లో మగవాళ్లు సొంతంగా ఉంటారు. ఆడవేషానికి మాత్రం మాలాంటివాళ్లని ప్రదర్శనకి ఇంతని మాట్లాడుకుని పిలుస్తారు. అందుకని ఒకే సీజన్‌లో మూడు సమాజాలకి వేసిన రోజులున్నాయి. ఏడింటికి ఒక నాటికలో ఏడ్చి, చీర మార్చుకుని, తొమ్మిదింటికి ఇంకో నాటికలో ఏడ్చేదాన్ని.

ఇన్నేళ్లలో ఎన్ని నాటికలు ఆడానో లెక్క లేదు గానీ, వాటిని రాసినవాళ్లలో నేను ముఖాముఖి చూసింది పట్టుమని పదిమందిని కూడా కాదు. రచయిత ఎక్కడో ఉంటాడు, కాగితాలు వస్తాయి, మేం బట్టీ పడతాం. సీజన్ అయిపోగానే ఆ కాగితాలు అటకెక్కుతాయి. మళ్లీ ఏడు మళ్లీ కొత్తవి. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన ఊరు మాదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్ప నాకూ ఉంది. కానీ కొత్త నాటిక కావాలని ప్రతి ఏడూ అడుగుతూ, నిరుటి కొత్త నాటిక ఏమైందో ఎవరూ అడక్కపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఆరేళ్ల కిందట మా మేడ మీద కొత్తవాళ్ల నాటికలు చదవడం మొదలుపెట్టాం. తప్పులు చేస్తూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద సంస్థేమీ అక్కర్లేదు. ఆరుగురు మనుషులు, దగ్గర్లో ఒక జిరాక్స్ షాపు ఉంటే మొదలుపెట్టొచ్చు.

రచయిత కోసం వెతికేటప్పుడు, నాటికలు రాస్తానని చెప్పుకునేవాళ్ల దగ్గరికి ముందు వెళ్లకండి. వాళ్లలో చాలామంది పరిషత్తులు చూసి చూసి షీల్డు కోసం రాయడానికి అలవాటుపడి ఉంటారు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు చచ్చిపోతారు, ఒకరు కళ్లు తెరుచుకుని సమాజానికి హితబోధ చేస్తారు. తన పని గురించి చెప్తుంటే పక్కవాళ్లు టీ చల్లారిపోయినా వింటారే, అలాంటి మనిషిని పట్టుకోండి. మాకు అలా దొరికింది ఒక ఏఎన్ఎమ్ అమ్మాయి. మా మనవడికి టీకా వేయడానికి వచ్చి, ఒక రాత్రి ఆసుపత్రిలో కరెంటు పోయిన సంగతి చెప్పింది. "ఇది రాసి ఇస్తావా అమ్మా?" అన్నాను. "నాకు నాటికలు రావండీ" అంది. "ఎవరేమన్నారో అది రాయి చాలు" అన్నాను. నెల తర్వాత లాంగ్ నోట్‌బుక్‌లో నలభై పేజీలు తెచ్చింది.

స్క్రిప్టు చేతికి రాగానే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి "చూసి చెప్పండి" అనకండి. ఎవరూ చూడరు. చూసినవాళ్లు బాగుందని బొమ్మ పెడతారు. డీటీపీ చేయించి, పెద్ద అక్షరాల్లో, ఆరు కాపీలు తీయించండి. పేజీ నంబర్లు తప్పకుండా వేయించండి. మొదటిసారి మేం నంబర్లు మర్చిపోతే, గాలికి కాగితాలు కలిసిపోయి నాటిక మొదట్లోనే పురుడు అయిపోయింది.

చదివేది నటులే అయ్యుండాలి. రచయిత చదవకూడదు. రాసినవాళ్లు చదివితే రాయనిది కూడా గొంతులో కలిసిపోతుంది, లోటు బయటపడదు. మధ్యలో రంగసూచనలు చదవడానికి ఒకరిని విడిగా పెట్టండి. ఫోన్‌లో టైము చూసుకోండి. పరిషత్తు నాటిక సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట లోపు ఉంటుంది, ఎక్కడికి పంపాలనుకుంటే అక్కడి నియమాలు ముందే తెప్పించుకోండి. కూర్చుని చదివినదానికి స్టేజీ మీద ఇంకో పదినిమిషాలైనా కలుస్తాయి. ఎవరు ఎక్కడ కుర్చీలో కదిలారో, ఎక్కడ మంచినీళ్లకి లేచారో ఆ మాట పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీతలు మనుషులు నోటితో చెప్పే అభిప్రాయాల కంటే నిజం.

చదవడం అయ్యాక అడగాల్సినవి మూడే. కథలో ఏం జరిగింది? ఎవరికి ఏం కావాలి? మీరు ఎక్కడ దారి తప్పారు? ముగ్గురు మూడు రకాలుగా కథ చెప్పారంటే పని మిగిలి ఉన్నట్టే. "నేనైతే ఇలా రాసేవాణ్ని" అనే మాట మా మేడ మీద నిషేధం, అన్నవాళ్లు మర్నాడు అందరికీ పునుగులు తేవాలి. మా హార్మోనియం మాస్టారు ఇప్పటికి చాలాసార్లు తెచ్చారు. రచయిత ఆ రోజు జవాబు చెప్పకూడదు, రాసుకోవాలి అంతే. జవాబు చెప్పడం మొదలైతే అది కోర్టు అవుతుంది.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వస్తాను. ఆ అమ్మాయి నాటికలో ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగవాడు: స్టాఫ్ నర్సు, ఆశా కార్యకర్త, పురిటి మనిషి తల్లి, వాచ్‌మన్. వాన, కరెంటు లేదు. టీకాలు పెట్టే ఐఎల్ఆర్, అంటే పైన మూతుండే పెట్టెలాంటి ఫ్రిజ్, చీకట్లో ఒక మూల ఉంది. దర్శకుడు మంచివాడే, నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఆయన మొదటి మాట: "ముగ్గురు ఆడవాళ్లంటే మూడు పారితోషికాలు, మూడు రానుపోను ఛార్జీలు. నర్సుని కాంపౌండర్ చేసేద్దాం." రెండో మాట: "టీకాలన్నీ పాడైపోయినట్టు, నర్సు గుండెలు బాదుకుని ఏడ్చినట్టు పెడదాం."

మామూలుగా అయితే ఆ రెండూ జరిగిపోయేవి. నేనే అలాంటి ఏడుపులు ఎన్ని ఏడ్చానో. కానీ ఈసారి రిహార్సల్ గదిలో రచయిత్రికి కుర్చీ వేసి ఉంచాం. ఆ అమ్మాయి మెల్లగా అంది: "ఐఎల్ఆర్ లోపల చుట్టూ ఐసే ఉంటుందండీ. కరెంటు పోయినా మూత తీయకపోతే చాలా గంటలు చల్లదనం ఆగుతుంది. లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటే చాలు. మా భయమంతా ఎవరైనా మూత తీస్తారేమోనని. కాలు వాచిందని ఒకరు, కూల్‌డ్రింకు పెట్టుకుంటామని ఒకరు, ఐసుకోసం వస్తారు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆశా కార్యకర్త వేషం వేస్తున్నామె వెళ్లి, ఐఎల్ఆర్ అని మేం పెట్టుకున్న బల్ల మీద కూర్చుంది. "నేను దిగను" అంది. స్క్రిప్టులో లేదది. దర్శకుడు పెన్ను తీసి రాసుకున్నాడు. నాటిక సగం వరకు ఆ మనిషి ఆ మూత మీదనుంచి దిగదు. పురిటి మనిషి తల్లిగా నేను కూతురికి ఐసు కావాలని ఆమె కాళ్లు పట్టుకుంటాను. ఆడినచోటల్లా జనం మొదట నవ్వుతారు, తర్వాత నవ్వు ఆగిపోతుంది. నర్సు నర్సుగానే మిగిలింది.

కాబట్టి కుర్చీ సంగతి మర్చిపోవద్దు. మొదటి వారం, చివరి వారం రచయిత తప్పకుండా ఉండాలి. మధ్యలో రానివ్వకపోవడమే మంచిది, నటులు మాటలు నోటికి పట్టించుకునే రోజుల్లో రాసినమనిషి ఎదురుగా ఉంటే మా నోట్లో మాట రాదు. వాళ్ల బస్సు ఛార్జీ, టిఫిను నటులతో పాటే చూడాలి. ఆడవేషాల ఖర్చుకి మేం చేసిన ఏర్పాటు ఒకటే: సెట్ తగ్గించాం. తలుపులు, కిటికీలు, గోడలు అన్నీ మానేసి ఒక బల్ల, తెల్ల దుప్పటి, ఒక ఎమర్జెన్సీ లైటు. సెట్‌తో పాటు వ్యాను బాడుగ కూడా పోయింది. పాత్ర తీసేయడానికి ముందు గోడ తీసేయొచ్చేమో చూడండి.

కాగితం సంగతి. మనవాళ్లకి ఇది మాట్లాడాలంటే మొహమాటం, కానీ మాట్లాడాలి. నాకు తెలిసిన ఒక కుర్రాడి నాటికని ఎక్కడో పేరు మార్చి ఆడేశారు, వాడికి ఫేస్‌బుక్‌లో ఫొటోలు చూస్తే తెలిసింది. కాపీరైటు చట్టం 1957 నుంచి ఉంది. రాసినవాళ్లు బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. హక్కు రాసివ్వడమంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడో రాయకపోతే మన దేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కొత్త రచయిత చేత హక్కులన్నీ రాయించుకోవద్దు. ఫలానా సమాజం ఫలానా తేదీ వరకు ఇన్ని ప్రదర్శనలు ఆడుకోవచ్చని అనుమతి చాలు, ఒక పేజీ. ప్రదర్శనకి ఎంత ఇస్తారో, కరపత్రంలో, మైకులో పేరు చెప్తారో లేదో, మాటలు మార్చాలంటే ఎవరిని అడగాలో అందులో ఉండాలి. మేం మొదటి ప్రదర్శనకి మూడు వేలు, తర్వాత ప్రతిదానికీ వెయ్యి ఇస్తున్నాం. గొప్ప మొత్తమేం కాదని నాకూ తెలుసు. మేకప్ ఆయనకి ఇచ్చి రచయితకి ఇవ్వకపోతే మాత్రం సిగ్గుచేటు.

మొదటి ప్రదర్శన పోటీలో పెట్టకండి. కొత్త నాటికని తీసుకెళ్లి న్యాయనిర్ణేతల ముందు నిలబెడితే, మార్కులు వస్తే ఇక ఒక్క మాట మార్చరు, రాకపోతే మొత్తం పారేస్తారు. రెండూ నష్టమే. మేం ఒక స్కూలు హాల్లో, మధ్యాహ్నం పూట, మైకు లేకుండా, యాభై మంది ముందు ఆడాం. పైనుంచి వేలాడే మైకుల కిందికి వెళ్లి నిలబడి మాట్లాడటం మా ఒంట్లో ఎంత పేరుకుపోయిందో ఆ రోజే తెలిసింది. మైకు లేకపోయేసరికి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రెండోది ఆ కథ ఎవరిదో వాళ్ల ముందు. ఏఎన్ఎమ్‌లు, ఆశాలు ఓ ముప్పైమంది వచ్చారు. పిల్ల పుట్టాక నేను చెప్పే డైలాగు ఒకటి ఉండేది, ఆసుపత్రి దేవాలయం అని, నర్సమ్మ దేవత అని. దానికి వాళ్లెవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఎవరో "మరి జీతం?" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆ డైలాగు తీసేశాం. ఇప్పుడు నర్సు "మరి జీతం?" అంటుంది.

ఆడాక తిరగరాయడం అవమానం కాదని కొత్తవాళ్లకి చెప్పడానికి నేను గురజాడని వాడుకుంటాను. కన్యాశుల్కం విజయనగరంలో 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివే కన్యాశుల్కం ఆయన మొత్తం తిరగరాసి 1909లో వేసిన రెండో కూర్పు. పదిహేడేళ్లు. మనం పదిహేడు రోజులు కూడా ఆగం.

మూడో ప్రదర్శన పరిషత్తులో ఇవ్వండి. ఎన్ని తిట్టుకున్నా రాత్రి పదకొండింటికి కూడా కుర్చీల్లో కూర్చుని నాటిక చూసే జనం అక్కడే ఉన్నారు. ప్రాథమిక పరిశీలనకి, అంటే పోటీకి నాటికని ఎంపిక చేయడానికి, వచ్చినవాళ్లకి స్క్రిప్టు కొత్త కాపీ ఇవ్వండి, పాతదిస్తే స్టేజీ మీద మాటలు వేరుగా వినిపించి తికమక పడతారు. మాకు ఉత్తమ రచన రాలేదు. వచ్చింది ఉత్తమ సహాయనటి, నాకు. ఆ రాత్రి ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను.

నాలుగోది మీరు ఆడకూడదు. దీనికే అందరికంటే ఎక్కువ గుండె కావాలి. మీ చేతుల్లో పెంచినదాన్ని వేరే ఊరి సమాజానికి ఇచ్చేయాలి. సాపు చేసిన ప్రతి, దాని మీద తేదీ, ఏ ప్రదర్శన తర్వాత ఏ మాట మారిందో ఒక కాగితం, లైట్ల పట్టిక, అనుమతి పత్రం, అన్నీ ఒక కవర్లో పెట్టి పంపండి. మీ ప్రదర్శన వీడియో మాత్రం అడిగినా పంపవద్దు. పంపితే వాళ్లు నన్ను చూసి నాలా ఏడుస్తారు, నాటిక అక్కడే ఆగిపోతుంది. ఏడు చోట్లకి ఫోన్ చేశాను. "మాకు కొత్తది కావాలమ్మా, ఆడేసినది వద్దు" అన్నారు ఆరుగురు. శ్రీకాకుళం వైపు ఒక సమాజం ఒప్పుకుంది. తమ యాసలోకి మార్చుకుంటామని అడిగితే ఆ అమ్మాయి సరేనంది, మార్చిన ప్రతి తనకి పంపాలని షరతు పెట్టింది. ఆ షరతు నేను చెప్పింది కాదు, తనకే తోచింది.

పోయిన నెల ఆ శ్రీకాకుళం సమాజం దర్శకుడు ఫోన్ చేశాడు. "అమ్మా, అంతా కుదిరింది గానీ తల్లి వేషానికి మనిషి దొరకలేదు. మీరు వస్తారా? రాత్రి బండికి టికెట్ తీసేస్తాం" అన్నాడు. నేను ఆడకూడదని ఇందాకే రాశాను కదా. రెండు రోజులు ఆలోచించి వస్తానన్నాను, యాస నేర్పిస్తేనే అన్నాను. టికెట్ కంటే ముందు రచయిత్రికి వెయ్యి రూపాయలు పంపమన్నాను.