బెన్ నెవిస్ శిఖరానికి ఒంటరిగా నడిచి వెళ్లడం ఎలా?

బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్. ఎత్తు 1,345 మీటర్లు. అరకు చుట్టుపక్కల ఇంతకన్నా ఎత్తైన కొండలున్నాయి కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ నడక దాదాపు సముద్రమట్టం దగ్గరే మొదలవుతుంది. ఆ ఎత్తంతా మీ కాళ్లే ఎక్కాలి. రానూపోనూ సుమారు 17 కిలోమీటర్లు, ఏడు నుంచి తొమ్మిది గంటలు.

1. రోజును ఎంచుకోండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవారికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం. మే నెలలో కూడా పైన మంచు మిగిలి ఉండవచ్చు. మంచు గొడ్డలి (గడ్డకట్టిన మంచు మీద పట్టు కోసం వాడే పనిముట్టు) వాడటం రానివారు చలికాలంలో ఒంటరిగా వెళ్లకూడదు. ముందురోజు రాత్రి ఊరి వాతావరణం కాదు, కొండ పైభాగానికి విడిగా ఇచ్చే సూచన చూడండి. కింద చొక్కాతో తిరిగే రోజున పైన చేతి వేళ్లు కొంకర్లు పోతాయి.

2. ఒకరికి చెప్పండి. ఏ దారిన వెళుతున్నారో, ఎన్ని గంటలకల్లా ఫోను చేస్తారో స్పష్టంగా చెప్పాలి. ‘సాయంత్రానికి వచ్చేస్తాను’ అంటే చెప్పినట్టు కాదు. ‘ఆరు దాటితే కంగారు పడు’ అంటే చెప్పినట్టు.

3. సంచి సర్దుకోండి. కాగితం మ్యాపు, దిక్సూచి, తలకు కట్టుకునే టార్చి, ఈల, వాన కోటు, వాన ప్యాంటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, రెండు లీటర్ల నీళ్లు, తిండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. తిరుమల మెట్లదారిలోలా నీడకు పైకప్పు, దారి పొడవునా దుకాణాలు ఉంటాయనుకోవద్దు. ఒక్క టీ కొట్టు కూడా ఉండదు.

4. ఉదయాన్నే బయలుదేరండి. ఫోర్ట్ విలియం పక్కనే ఉన్న గ్లెన్ నెవిస్ సందర్శకుల కేంద్రం నుంచి వంతెన దాటితే కొండదారి మొదలవుతుంది. సగం ఎత్తుకు కాస్త ముందు, 570 మీటర్ల దగ్గర ఒక చెరువు కనిపిస్తుంది. అక్కడ ఆగి పైకి చూడండి. మబ్బు దిగుతోందా, గాలికి నిలబడటం కష్టంగా ఉందా, ఒంట్లో బాగాలేదా? ఏ ఒక్కటి అవునన్నా అక్కడినుంచే వెనక్కి తిరగండి. పక్కన ఎవరైనా ఉంటే ‘ఇక చాలు, పద’ అంటారు. ఒంటరిగా వెళ్లినప్పుడు ఆ మాట మీకు మీరే చెప్పుకోవాలి.

5. మెలికలు ఎక్కండి. చెరువు తర్వాత ఎర్రవాగు దాటగానే దారి రాళ్లమీదుగా మెలికలు తిరుగుతుంది. ఇక్కడ అడ్డదారులు తొక్కకండి.

6. శిఖరం మీద జాగ్రత్త. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పైభాగం విశాలమైన రాళ్ల బయలు. ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బులోనే ఉంటుంది. దారి చూపే నిలువెత్తు రాతి కుప్పలు ఒకదాని తర్వాత ఒకటి తెల్లటి మసకలోంచి బయటికి వస్తాయి. రెండోది కనబడేదాకా మొదటిదాన్ని వదలకండి. ఉత్తరం వైపు సుమారు 700 మీటర్ల కొండచరియలు. అంచు చూద్దామని ముందుకు వెళ్లకండి.

అక్కడ ఒక పాత వాతావరణ కేంద్రం శిథిలాలున్నాయి. 1883 నుంచి 1904 వరకు మనుషులు చలికాలంలో సైతం అక్కడే ఉండి గాలిని, చలిని లెక్కగట్టారు. 1894 సెప్టెంబరులో కొన్ని వారాలు పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ విల్సన్ ఆ మబ్బుల మీద ఎండ చేసే వింతలు చూసి, ప్రయోగశాలలో మబ్బును పుట్టించాలనుకున్నాడు. అలా తయారైన, కంటికి కనబడని కణాల జాడను చూపే మేఘ పేటిక అతనికి 1927లో నోబెల్ తెచ్చిపెట్టింది. మనల్ని తిప్పలు పెట్టేదీ ఆ మబ్బే.

7. దిగేటప్పుడు దిక్సూచి చూడండి. దారి కనిపించకపోతే శిఖరం మీద కొలతల కోసం కట్టిన సర్వే స్తంభం నుంచి, మ్యాపులోని ఉత్తరం లెక్కన, 231 డిగ్రీల దిక్కుగా 150 మీటర్లు నడవండి. అడుగులు లెక్కపెట్టుకోండి. తర్వాత 282 డిగ్రీలకు తిరగండి. ఆ మొదటి 150 మీటర్లు తప్పితే కుడివైపు గార్డీలూ లోయ నోరు తెరుచుకుని ఉంటుంది. తర్వాత మరీ ఎడమకు ఒరిగితే ఫైవ్ ఫింగర్ లోయ. అందుకే ఈ రెండు అంకెలూ ఇంట్లోనే కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోనును నమ్ముకోవద్దు, చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది.

8. దెబ్బ తగిలితే 999కు ఫోను చేసి ముందు పోలీసులను, తర్వాత పర్వత రక్షణ దళాన్ని అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి.

9. కిందికి రాగానే ఫోను చేయండి. మీరు మరిచిపోతే, మీరు చెప్పి వచ్చినవాళ్లు రక్షణ దళాన్ని పిలుస్తారు. ఆ దళంలోని వాళ్లు జీతానికి చేసేవారు కాదు, తమ పనులు వదిలి చీకట్లో కొండెక్కే స్థానికులు.