బడి ఆవరణలో కుక్కల బెడద: మాకు పనిచేసింది ఇదీ

మా పిల్లల బడిలో భోజనం గంట కొట్టగానే కుక్కలు గ్రౌండులోకి వచ్చేసేవి, చిన్న క్లాసులవాళ్లు భయంతో పరుగెత్తడం, అవి వెంటపడటం, రోజూ ఇదే టెన్షన్. కర్రతో తరమడం, గేటు దగ్గర మనిషిని పెట్టడం, పట్టించి దూరంగా వదిలించడం, ఏదీ నిలవలేదు, పాతవి పోతే కొత్తవి వచ్చాయి.

దారి దొరికింది తిండి దగ్గర. ముందు అవి లోపలికి వచ్చి ఎటు వెళ్తున్నాయో గమనించాం. నేరుగా చేతులు కడిగే కుళాయిల దగ్గరికే, తూములో ఇరుక్కున్న మెతుకుల కోసం. అక్కడ జాలీ పెట్టించి, మిగిలిన తిండిని మూత బిగుసుకునే డబ్బాలో వేయించి, రోజూ భోజనం విరామం ముగిసే గంట మోగేలోపే ఖాళీ చేయించాం. రాక తగ్గిన తర్వాతే గోడ కింద అవి దూరే కంత మూయించాం, తిండి ఉండగా మూస్తే ఇంకోచోట తవ్వుతాయి. బయట వాటికి తిండి పెట్టే ఆవిడను అడిగి ఆ చోటు దూరంగా మార్పించాం. ఆవిడకు మచ్చికైనవి కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు, రేబిస్ టీకాలకు పట్టుకోవడం తేలికైంది.

పిల్లలకు మాత్రం సాధన చేయించాలి: పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు ఒంటికి ఆనించి చెట్టులా నిలబడటం. పడిపోతే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోవడం. కుక్క పన్ను, గోరు గీరుకున్నా సరే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గోడ పక్కనే చెత్తకుప్ప ఉన్నచోట ఇది చాలకపోవచ్చు. కరిచే అలవాటు పడిన కుక్క, ఈనిన కుక్క విషయంలోనూ దీన్ని నమ్ముకోకండి, జంతు సంరక్షణ సిబ్బందిని పిలవండి.