కనుమకు డాబా మీద మాంసం కాల్చే బొగ్గుల కుంపటి పెట్టే ముందు

చుట్టాలు దిగకముందే ఇవి చూసుకోండి.

చోటు: పైన కప్పు లేని చోటే పెట్టాలి. షామియానా, ఆరేసిన బట్టలు దగ్గర్లో ఉండకూడదు. చలేస్తోందనో, చినుకు పడిందనో కుంపటిని గదిలోకి తేవద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. కిటికీ తెరిచినా చాలదు. ఆరినట్టు కనిపించే బొగ్గు కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది.

ముట్టించడం: కిరసనాయిలు, పెట్రోలు వద్దే వద్దు. కొబ్బరి పీచు, ఎండు పుల్లలు చాలు. బొగ్గుకు తెల్లటి బూడిద పట్టాకే ముక్కలు పెట్టండి.

పొగ రుచికి: ఎండిన జామ, మామిడి కట్టె. రంగు చెక్క, ప్లైవుడ్ పనికిరావు. గన్నేరు విషం, దాని పుల్లకు ముక్కలు గుచ్చినా ప్రమాదమే. వెదురు పుల్లలైతే అరగంట నానబెట్టండి.

మాంసం: మసాలా పట్టించాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి. గడ్డకట్టినదాన్ని ముందురోజే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. పచ్చిదానికి, కాల్చినదానికి పళ్లేలు వేరు. ఊరబెట్టిన మసాలాను మళ్లీ పైన పూయాలంటే మరిగించాల్సిందే. మాంసం థర్మామీటరు ఒకటి కొనండి, డబ్బు వృథా కాదు. కోడి లోపల 74 డిగ్రీల సెల్సియస్, కీమా కబాబ్ 71. మేక ముక్క 63కు వచ్చాక 3 నిమిషాలు ఆగాలి. రంగు చూసి "అయిపోయిందిరా" అనే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు, నమ్మకండి.

చేతి దగ్గర: ఇసుక బకెట్, పొడవాటి పట్టకారు. ఒంటి మీద నూలు బట్టలు, బిగించిన చున్నీ. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకుండా ముక్కల్ని పక్కకు జరపండి.

బూడిద పూర్తిగా చల్లారాకే, ఇనుప డబ్బాలోకి.