టెక్సస్ స్కూల్ టీంలో ఆడాలంటే: గ్రేడ్లు, తేదీలు, కాగితాలు

టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లలో ఆటల పోటీలకే కాదు, డిబేట్, నంబర్ సెన్స్ (మనసులోనే లెక్కలు చేసే పోటీ), మార్చింగ్ బ్యాండ్ లాంటి పోటీలకు కూడా నియమాలు పెట్టేది యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందరూ యూఐఎల్ అనే అంటారు. దాని నియమాలకు తోడు గ్రేడ్ల విషయంలో రాష్ట్ర చట్టం కూడా ఉంది. ఇండియాలో చదువుకున్న తల్లిదండ్రులు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఇక్కడ సగటు చూడరు, అన్నిటికన్నా తక్కువ వచ్చిన సబ్జెక్టు చూస్తారు. ఏడింట్లో ఆరు సబ్జెక్టుల్లో 98 వచ్చి ఒక్క హెల్త్ క్లాసులో 69 వచ్చినా (పాస్ మార్కు 70) పిల్లవాడు మూడు వారాలు పోటీలకు దూరం. కోచ్ ఎంత మంచివాడైనా, టీంలో ఎంత అవసరం ఉన్నా దాన్ని ఆపలేరు. అర్హత లేని ఒక్కరిని ఆడిస్తే టీం మొత్తం గెలిచిన మ్యాచ్ వదులుకోవాల్సి వస్తుంది.

ఈ నియమాన్ని 'నో పాస్, నో ప్లే' అంటారు. 1984లో హౌస్ బిల్ 72తో వచ్చింది. మొదట్లో ఒక్క సబ్జెక్టు తప్పితే ఆరు వారాలు బయటే ఉండాలి. 1995లో మూడు వారాలకు తగ్గించారు.

తేదీల లెక్క

గొడవలన్నీ వచ్చేది ఇక్కడే. అర్హతను ప్రతి వారం లెక్కపెట్టరు. స్కూలు తెరిచాక మొదటి ఆరు వారాలు పూర్తయినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి గ్రేడింగ్ పీరియడ్ (ఒక రిపోర్ట్ కార్డుకి గ్రేడ్లు లెక్కించే కాలం) చివర్లో ఒకసారి చూస్తారు. మీ స్కూల్ డిస్ట్రిక్టులో (మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) రిపోర్ట్ కార్డు తొమ్మిది వారాలకొకసారి వచ్చినా, మొదటి తనిఖీ మాత్రం ఆరో వారం చివరే. 'రిపోర్ట్ కార్డు ఇంకా రాలేదు కదా' అని నిశ్చింతగా ఉన్నవాళ్లు సెప్టెంబరు చివర్లో దెబ్బ తినేది దీనివల్లే.

ఒక ఉదాహరణ చూద్దాం. గ్రేడింగ్ పీరియడ్ 2025 అక్టోబరు 3, శుక్రవారం ముగిసిందనుకోండి. ఒక సబ్జెక్టులో 66 వచ్చింది. వెంటనే బయటికి పంపరు, ఏడు రోజుల గడువు ఉంటుంది. ఆ వారంలో పోటీ ఉంటే ఆడొచ్చు. అక్టోబరు 10, శుక్రవారం స్కూలు వదిలే వేళకి అర్హత పోతుంది. కాబట్టి ఆ సాయంత్రం మ్యాచ్‌కి లేనట్టే. మూడు స్కూలు వారాలు పూర్తయ్యాక, అంటే అక్టోబరు 24న, కొత్త పీరియడ్‌లో అప్పటిదాకా వచ్చిన గ్రేడ్లు చూస్తారు. అన్ని సబ్జెక్టుల్లో 70 గాని ఆపైన గాని ఉంటే మరో ఏడు రోజులు ఆగి, అక్టోబరు 31న స్కూలు వదిలాక అర్హత తిరిగొస్తుంది.

ఇందులో రెండు విషయాలు చాలామందికి తెలియవు. ఆ మూడు వారాల తనిఖీలో, తప్పిన సబ్జెక్టు ఒక్కటే పాసైతే చాలదు, అన్నీ పాసవ్వాలి. ఆల్జీబ్రాని పైకి లాగే హడావుడిలో స్పానిష్ కిందికి జారిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, పీరియడ్ చివర్లో అన్నీ పాసైన పిల్లలకు మధ్యలో వచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులో 62 కనిపించినా అర్హత పోదు. వాళ్లు తర్వాతి పీరియడ్ చివరి దాకా ఆడొచ్చు. ఆ రిపోర్టు చూసి పిల్లలని ప్రాక్టీసు మాన్పించే కంటే, అది పీరియడ్ ముగిసేలోపు సరిదిద్దుకోమని వచ్చిన హెచ్చరిక అనుకోండి.

అర్హత పోయిన రోజుల్లో కూడా ప్రాక్టీసుకి వెళ్లొచ్చు. వెళ్లడమే మంచిది. మూడు వారాలు ఇంట్లో కూర్చున్నవాళ్లు తిరిగొచ్చేసరికి టీంలో వాళ్ల చోటు ఇంకొకరిదై ఉంటుంది. ఇంకో ఊరట: డిసెంబరు సెలవులు, స్ప్రింగ్ బ్రేక్ లాగా పూర్తి వారం సెలవులుంటే, ఆ సెలవుల్లో గ్రేడ్ల వల్ల అర్హత పోయినవాళ్లు కూడా ఆడొచ్చు. క్లాసులు మొదలైన రోజున పాత స్థితే తిరిగి అమల్లోకి వస్తుంది.

69 ఎలా వస్తుంది

మన పిల్లలు పాఠం అర్థంకాక తప్పడం తక్కువ. పని చేసి కూడా అప్‌లోడ్ చేయకపోవడమే అసలు కారణం. లెక్క చూడండి: నాలుగు అసైన్‌మెంట్లు, 90, 88, 92, సున్నా. సగటు 67.5. ఆ సున్నా స్థానంలో ఆలస్యంగా ఇచ్చినందుకు కోత పడి 70 వచ్చినా సగటు 85 అవుతుంది. అందుకే తల్లిదండ్రులు గ్రేడ్లు చూసుకునే స్కైవార్డ్, హోమ్ యాక్సెస్ సెంటర్ లాంటి సైట్లలో సగటు కంటే ముందు చూడాల్సింది 'మిస్సింగ్' అని ఉన్న గడి. పీరియడ్ ముగియడానికి పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి చూస్తే చాలు. రోజూ చూసి పిల్లల ప్రాణం తీయక్కర్లేదు.

పది రోజుల ముందే ఎందుకంటే, పీరియడ్ ముగిశాక చేసిన పనికి ఈ లెక్కలో విలువ లేదు. అదనపు క్రెడిట్ పని అయినా పీరియడ్ లోపలే, క్లాసులో అందరికీ ఇచ్చినదై ఉండాలి. 'మా అబ్బాయికి ఒక్కడికి ఒక ప్రాజెక్టు ఇవ్వండి సార్' అని అక్టోబరు 6న టీచరుకి మెయిల్ పెడితే, టీచరు కాదనక తప్పదు. గ్రేడు నిజంగా తప్పుగా లెక్కకట్టి ఉంటే మాత్రం మొహమాటపడకుండా అడగండి, అది మీ హక్కు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), కాలేజీ క్రెడిట్ కూడా ఇచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులకీ, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ స్టడీస్, ఇతర భాషల ఆనర్స్ కోర్సులకీ ఈ 70 నియమం నుంచి మినహాయింపు ఉంది. అంటే ఏపీ కెమిస్ట్రీలో 65 వచ్చినా పోటీలకు వెళ్లొచ్చు. అయితే కొన్ని డిస్ట్రిక్టులు 60 కంటే తగ్గితే మినహాయింపు లేదంటాయి, కొన్ని అదనంగా కొన్ని కోర్సులు చేరుస్తాయి. ఆ జాబితా డిస్ట్రిక్టు స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, ఆగస్టులో కోర్సులు ఖరారయ్యే ముందే చూసుకోండి. గట్టి కోర్సులన్నిటికీ కష్టపడే పిల్లలు ఎక్కువగా తప్పేది మినహాయింపు లేని తేలిక క్లాసుల్లోనే. ఆర్ట్, స్పీచ్, పీఈ పేర్లు చూసి తీసిపారేయకండి.

ఇండియా ప్రయాణం, 'ఇన్‌కంప్లీట్' గ్రేడు

పెళ్లి ముహూర్తం డిసెంబరు 14 అని, పిల్లలని 8నే విమానం ఎక్కిస్తాం. సెమిస్టర్ పరీక్షలు రాయకపోతే రిపోర్టులో 'ఐ' అని పడుతుంది, అంటే ఇన్‌కంప్లీట్. ఏడు రోజుల గడువు దాటాక, ఆ స్థానంలో పాస్ గ్రేడు పడేదాకా ఆ పిల్లకి అర్హత ఉండదు. జనవరిలో దిగాక పరీక్షలు రాసి, టీచరు దిద్ది, గ్రేడు ఎక్కేసరికి బాస్కెట్‌బాల్ సీజన్‌లో ముఖ్యమైన వారాలు గడిచిపోతాయి. టికెట్లు కొనే ముందే టీచర్లతో మాట్లాడి పరీక్షలు ముందుగా రాయించడం ఒక్కటే మార్గం. ఒప్పుకుంటే మెయిల్‌లో రాయించుకోండి. చాలా రోజులు రాకపోతే డిస్ట్రిక్టు విత్‌డ్రా చేసే (స్కూలు నుంచి పేరు తీసేసే) ప్రమాదం ఉంది కాబట్టి అటెండెన్స్ ఆఫీసుకీ ముందే తెలియజేయండి. క్లాసుకి క్రెడిట్ రావాలన్నా రాష్ట్ర చట్టం ప్రకారం 90 శాతం హాజరు కావాలి.

సంవత్సరం మొదట్లో క్రెడిట్లు

మొదటి ఆరు వారాలకు ఇంకా గ్రేడ్లుండవు కాబట్టి క్రెడిట్లు (పాసైన కోర్సులకు రికార్డులో జమయ్యే పాయింట్లు) చూస్తారు. తొమ్మిదో తరగతి, అంతకంటే కింది పిల్లలు పై తరగతికి ప్రమోటై ఉంటే చాలు. హైస్కూల్లో రెండో ఏడాదికి 5 క్రెడిట్లు ఉండాలి. మూడో ఏడాదికి 10, నాలుగో ఏడాదికి 15 ఉండాలి, లేదా గత 12 నెలల్లో 5 సంపాదించి ఉండాలి. ఇక్కడే చదువుతున్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. ఇండియా నుంచి పదో తరగతిలోకి వచ్చి చేరేవాళ్లకు మాత్రం ముఖ్యం: అక్కడి తొమ్మిదో తరగతి మార్కుల జాబితా స్కూల్లో రికార్డులు చూసే రిజిస్ట్రార్ చేతికి అందకపోతే రికార్డులో క్రెడిట్లు సున్నా. స్కూలు సీలు, సంతకం ఉన్న ఒరిజినల్స్ చేతి సామానులో తెచ్చుకోండి, చేరిన వారంలోనే స్కూలు కౌన్సిలర్‌కి ఇచ్చి క్రెడిట్లు ఎక్కించమని అడగండి.

కొత్తగా వచ్చినవాళ్లకు

వయసు: వార్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) పోటీలకు సెప్టెంబరు 1 నాటికి 19 నిండి ఉండకూడదు. తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరినప్పటి నుంచి వరుసగా నాలుగేళ్లే అర్హత, మధ్యలో ఒక ఏడాది ఆడకపోయినా గడియారం ఆగదు. భాష కోసం ఒక ఏడాది వెనక్కి చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఆరో క్లాసు రోజు తర్వాత చేరితే 15 రోజుల హాజరు పూర్తయ్యాకే పోటీలు.

ఆటల్లో వార్సిటీకి నివాస నియమం కూడా ఉంది. తల్లిదండ్రులతో ఆ స్కూలు పరిధిలో నిజంగా కాపురం ఉండాలి. తల్లిదండ్రులు ఇండియాలోనో వేరే రాష్ట్రంలోనో ఉండి, పిల్లవాడు బాబాయి ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో ఉంటే ఈ నియమం తీరదు. నిన్న మొన్న చేయించిన గార్డియన్‌షిప్ కాగితం కూడా సరిపోదు, యూఐఎల్ వెయివర్‌కి (నియమం నుంచి మినహాయింపుకి) అర్జీ పెట్టాలి. అది తేలేదాకా జేవీలో (జూనియర్ వార్సిటీ, అంటే రెండో జట్టు) ఆడించమని కోచ్‌ని అడగండి, ఈ నియమం వార్సిటీకే. మంచి టీం ఉందని స్కూలు మారడం మాత్రం ఎప్పటికీ చెల్లదు. అంతకుముందు వేరే హైస్కూల్లో ఆడి ఉంటే ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం నింపాలి, పాత స్కూలు కూడా దాని మీద జవాబివ్వాలి. వేసవిలో పాత స్కూల్లో ఎవరూ దొరకరు కాబట్టి ఇల్లు మారే నెలలోనే ఇది కదపండి. ఇందులో అబద్ధం రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఫిజికల్

గ్రేడ్లు పోతే ప్రాక్టీసైనా ఉంటుంది. ఫిజికల్ ఫారం (వైద్య పరీక్ష కాగితం) లేకపోతే ప్రాక్టీసు కూడా లేదు. యూఐఎల్ ప్రకారం మిడిల్ స్కూల్లో మొదటి ఏడాది, హైస్కూల్లో మొదటి, మూడో ఏడాది వైద్య పరీక్ష తప్పనిసరి. చాలా డిస్ట్రిక్టులు ఏటా అడుగుతాయి, ఏ తేదీ తర్వాత చేయించినది చెల్లుతుందో కూడా చెప్తాయి. మెడికల్ హిస్టరీ మాత్రం ఏటా నింపాలి. సంతకం డాక్టరు, ఫిజిషియన్ అసిస్టెంట్, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్ లేదా కైరోప్రాక్టర్‌ది అయి ఉండాలి. వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు చవగ్గా అవుతుందని అక్కడ చేయించుకురావొద్దు, బయల్దేరే ముందే ఇక్కడ చేయించండి. మే నెలలో చాలా హైస్కూళ్లే తక్కువ ఫీజుతో ఒకరోజు శిబిరం పెడతాయి.

హిస్టరీలో గుండె, కళ్లు తిరిగి పడిపోవడం, కుటుంబంలో చిన్న వయసు మరణాల గురించి అడిగే ప్రశ్నలు ఉంటాయి. 'అవును' అంటే మళ్లీ డాక్టరు దగ్గరికి తిప్పుతారని దాచకండి. మన ఇళ్లలో తాతకి నలభై ఏళ్లకే గుండెపోటు వచ్చిన సంగతి పిల్లలకి చెప్పం. ఆ ఫారం పిల్లవాడు ఫోన్‌లో ఒంటరిగా నింపితే, ఆ ముక్క అందులో రాదు. పక్కన కూర్చుని మీరే నింపండి. కంకషన్ (దెబ్బ తగిలి మెదడు అదరడం), సడన్ కార్డియాక్ అరెస్ట్ (గుండె హఠాత్తుగా ఆగడం), స్టెరాయిడ్ల అంగీకార పత్రాలు కూడా అదే పూట సంతకం పెట్టేయొచ్చు, మొత్తం అరగంట పని.